పుస్తకం మూసి మొదలుపెట్టండి: కథ చెప్పుకుంటూ వాక్యం చదివే పద్ధతి

తప్పిపోయిన కుమారుడి కథ తెలియని విశ్వాసి ఉండరు. కూడికలో ఎవరినైనా బైబిలు చూడకుండా ఆ కథ చెప్పమనండి. పందుల దగ్గర ఆకలితో కూర్చున్న చిన్నకొడుకు ఇంటికెళ్లి తండ్రితో ఏమనాలో ముందే అనుకుంటాడు కదా, ఆ మాటలు బాగానే గుర్తుంటాయి: పాపం చేశాను, నీ కొడుకునని అనిపించుకోవడానికి తగను, నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో. తర్వాత తండ్రి పరుగెత్తుకొచ్చి మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాక కొడుకు ఆ మూడు మాటలూ అన్నాడనే చాలామంది చెబుతారు. ఇప్పుడు లూకా 15 తెరిచి 18, 19 వచనాలనూ 21వ వచనాన్నీ పక్కపక్కన చదివించండి. మూడో మాట లేదు. కూలి ఊసు అతని నోట రానేలేదు.

ఎందుకు రాలేదు? తండ్రి మధ్యలోనే అందుకున్నాడా? ఆ కౌగిలిలో ఇక ఆ మాట అనబుద్ధి కాలేదా? ఇక్కడి నుంచి చర్చ దానంతటదే నడుస్తుంది. మీ ప్రతిలో పాదసూచికలుంటే వాటినీ చదివించండి. కొన్ని పాత చేతిరాత ప్రతుల్లో ఆ మూడో మాట 21వ వచనంలోనూ కనిపిస్తుంది. నకలు రాసేవాళ్లు 19వ వచనం గుర్తుండి 21లోనూ పూరించేసి ఉంటారని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. మీ గుంపు చేసిన పొరపాటే అన్ని శతాబ్దాల కిందట వాళ్లూ చేశారన్నమాట.

పద్ధతి మొత్తం ఇందులోనే ఉంది. పుస్తకం మూసి చెప్పుకోవాలి, తెరిచి సరిచూసుకోవాలి, రెండిటికీ తేడా వచ్చిన చోట ఆగాలి. మనకు తెలుసనుకున్నదానికీ రాసి ఉన్నదానికీ మధ్య దూరం ఎంతో సామాన్య విశ్వాసికి ఇంత త్వరగా చూపించే సాధనం మరొకటి లేదు.

చెవి కోసం రాసిన గ్రంథం

ప్రకటన గ్రంథం 1:3లో "చదువువాడు" ఏకవచనం, వినేవాళ్లు బహువచనం. ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు విన్నారు. నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా చదివాడు, లేవీయులు జనానికి అర్థం చెప్పారు. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు రథంలో ఒంటరిగా చదువుకుంటున్నా పైకే చదువుతున్నాడు, అందుకే అది యెషయా గ్రంథమని ఫిలిప్పు చెవిన పడింది.

అధ్యాయాలు, వచనాల అంకెలు తర్వాత వచ్చాయి. ఇప్పటి అధ్యాయాల విభజన 13వ శతాబ్దం తొలినాళ్లలో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లండు మతాచార్యుడు చేసిందని చెబుతారు. కొత్త నిబంధన వచనాల అంకెలు రాబర్ట్ ఎస్టియెన్ 1551లో అచ్చువేసిన గ్రీకు ప్రతి నుంచి వచ్చాయి. ఈ సంగతి గుంపుకు ఒకసారి చెప్పి ఉంచండి, ఎందుకంటే అంకెల దగ్గరే కథను తెంచడం మనకు అలవాటైపోయింది. లూకా 14 చివరి మాట "వినుటకు చెవులు గలవాడు వినునుగాక". 15 మొదటి మాటేమో సుంకరులూ పాపులూ ఆయన బోధ వినడానికి దగ్గరకు వచ్చారని. మధ్యలో అధ్యాయం అంకె లేకపోతే ఆ రెండు "వినడాలు" ఒకదానికొకటి తగులుతాయి.

ఏ కథతో మొదలుపెట్టాలి

మొదట్లో 7 నుంచి 25 వచనాల లోపు కథ చాలు. చెప్పడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. ఐదు దాటితే తిరిగి చెప్పేవాళ్లకు వరుస నిలవదు, రెండు లోపే అయిపోతే సరిచూసుకోవడానికి ఏమీ మిగలదు. మనుషులు మాట్లాడుకునే కథ కావాలి, మధ్యలో ఏదో ఒకటి తిరగబడాలి.

తుఫాను ఆగిన కథ (మార్కు 4:35-41), జక్కయ్య (లూకా 19:1-10), యాయీరు కుమార్తె (మార్కు 5:21-43) మొదటి వారాలకు బాగుంటాయి. నాబోతు ద్రాక్షతోట (1 రాజులు 21) రెండు ముక్కలుగా చెప్పుకోవాలి, 16వ వచనం దగ్గర ఆపి మరుసటి వారం ఏలీయా రాకతో మొదలుపెట్టాలి. రూతు, యోనా చెరి నాలుగు అధ్యాయాలు, చెరి నాలుగు కూడికలకు సరిపోతాయి. స్త్రీలకు జరిగిన అన్యాయాలు చెప్పే న్యాయాధిపతులు 19, ఆదికాండం 38 లాంటివి కొత్తగా చెప్పేవాళ్ల చేతికి ఇవ్వకండి. వాటిని దాచాలని కాదు. విన్నవాళ్లలో అలాంటి గాయం మోస్తున్నవాళ్లు ఉండవచ్చు, ఆ క్షణాన్ని పట్టుకోగల అనుభవం చెప్పేవాళ్లకు ఉండాలి.

కథ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చడానికి చోటు మారడం, పొద్దు మారడం, మనుషులు మారడం గమనించండి. తప్పిపోయిన కుమారుడి కథను 15:11 నుంచి మొదలుపెడితే పెద్దకొడుకు ఎందుకు వచ్చాడో అర్థం కాదు. 15:1-2లో ఇద్దరు శ్రోతలున్నారు: దగ్గరకు వచ్చిన పాపులు, సణుగుతున్న పరిసయ్యులు, శాస్త్రులు. ఆ రెండు వచనాలు కలిపి చెబితే ఇద్దరు కొడుకులూ ఎవరో గుంపే పోల్చుకుంటుంది.

చెప్పేవాళ్ల సిద్ధపాటు

వారం ముందు కూర్చోండి, ముందురోజు రాత్రి కాదు. కథను పైకి ఐదుసార్లు చదవండి. మూడుసార్లు పాత అనువాదంలో, రెండుసార్లు వాడుక భాషలో ఉన్న అనువాదంలో. కళ్లతో చదివితే లెక్కలోకి రాదు.

తర్వాత ఒక ఏ4 కాగితం మడిచి ఎనిమిది గళ్లు చేయండి. ఒక్కో గడిలో ఒక్కో దృశ్యం, గీతల బొమ్మలతో. మాటలు రాయకండి. రాస్తే ఆ మాటలే బట్టీపట్టి చదువుతారు. బొమ్మ చూస్తే దృశ్యం గుర్తొచ్చి చెబుతారు. ఎనిమిది గళ్లలో పట్టలేదంటే మీరు ఎంచుకున్నది పెద్ద కథ.

ఇప్పుడు తప్పనిసరిగా కంఠస్థం చేయాల్సినవి నాలుగు: మొదటి వాక్యం, చివరి వాక్యం, మనుషులు నోటితో అన్న మాటలు, మళ్లీ మళ్లీ వచ్చే మాట. మిగతాదంతా మీ సొంత మాటల్లో చెప్పుకోవచ్చు. ఈ నాలుగూ జారితే కథ కీలు ఊడిపోతుంది. పెద్దకొడుకు "నా తమ్ముడు" అనడు, "ఈ నీ కుమారుడు" అంటాడు. తండ్రి జవాబులో దాన్ని "ఈ నీ తమ్ముడు" అని తిప్పి ఇస్తాడు. చెప్పేవాళ్లు తేలిగ్గా ఉంటుందని రెండు చోట్లా "తమ్ముడు" అనేస్తే ఆ ఇద్దరి మధ్య జరిగినదంతా పోయింది.

అదే కథలో మరొకటి. చిన్నకొడుకు వేశ్యలతో ఆస్తి తినేశాడన్నది ఎవరి మాట? 13వ వచనంలో కథ చెబుతున్నప్పుడు యేసు ఆ మాట అనలేదు, ఆస్తి పాడుచేశాడని మాత్రమే అన్నాడు. వేశ్యల మాట 30వ వచనంలో పెద్దకొడుకు అన్నది. ఇతను ఊళ్లోనే ఉన్నాడు, దూరదేశంలో ఏం జరిగిందో చూడలేదు. ఆ మాటను ముందుకు జరిపి కథకుడి నోట పెట్టేస్తే పెద్దకొడుకు ఆరోపణను మనమే రుజువు చేసినట్టవుతుంది.

బొమ్మల కాగితం చూస్తూ రెండుసార్లు చెప్పుకున్నాక, కాగితం పక్కన పెట్టి ఫోనులో రికార్డు చేయండి. రికార్డు వింటూ వేలితో వచనాలు పట్టుకుంటూ పోండి. కలిపినచోట మార్జిన్లో కూడిక గుర్తు, వదిలేసినచోట తీసివేత గుర్తు పెన్సిలుతో వేయండి. తీసివేతలు నాలుగైదున్నా ఫరవాలేదు. కూడికలు మాత్రం ఒక్కటీ మిగలకూడదు.

తెలుగు చేసే పరీక్ష

చెప్పేటప్పుడు గ్రాంథికం వదిలేయాలి. "పోయెను, చేసెను" అంటూ పోతే వినేవాళ్లు గుడిలో కూర్చున్నట్టు తలలు వంచుకుని, కథను వదిలేస్తారు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పండి. కానీ తెలుగు కొన్ని నిర్ణయాలు మీతో బలవంతంగా చేయిస్తుంది, అవి ముందే తెలిసి చేయాలి.

మొదటిది మర్యాద. హెబ్రీలో, గ్రీకులో వాడు, అతడు, ఆయన అనే మెట్లు లేవు. మనకు మెట్టు ఎంచుకోకుండా నోరు పెగలదు. పాత అనువాదంలో బర్తిమయి "వాడు". దారిపక్కన అడుక్కునే గుడ్డివాడు కాబట్టి తెలుగు అలా పలికింది, మూలంలో ఆ చులకన లేదు. మనుషులందరికీ, రాజుకైనా బిచ్చగాడికైనా, అతను, ఆమె అనే ఒకే మెట్టు పెట్టుకుని చెప్పండి. "వాడు", "వీడు" అనేది పాత్రలు ఒకరినొకరు తీసిపారేస్తున్న చోటకు దాచుకోండి. అప్పుడు ఆ మాటకు బరువొస్తుంది.

రెండోది మనం, మేము. తుఫానులో శిష్యులు యేసును లేపి నశించిపోతున్నాం, నీకు పట్టదా అంటారు. గ్రీకులో "మనం"కీ "మేము"కీ ఒకటే రూపం. తెలుగులో "మేము నశించిపోతున్నాం" అంటే ఆయన మునగడన్నట్టు, "మనం" అంటే ఆయనా వాళ్లతో కలిసి మునిగేవాడేనన్నట్టు. ఏదో ఒకటి అనక తప్పదు. మీరు సిద్ధపడేటప్పుడు ఒకటి ఎంచుకుని అదే చెప్పండి. తెరిచి చదివే వేళ రెండోదాన్ని గుంపు ముందు పెట్టండి. శిష్యులు ఆయన్ని ఎవరనుకున్నారు అన్న ప్రశ్న, ఆ కథ చివరి ప్రశ్న కూడా అదే కదా, ఈ రెండు అక్షరాల దగ్గరే మొదలవుతుంది.

మూడోది, మూలంలో ఒకే మాట తెలుగులో రెండుగా విడిపోవడం. రూతు 2:12లో బోయజు రూతుతో యెహోవా రెక్కల కింద ఆశ్రయం కోసం వచ్చావంటాడు. 3:9లో రూతు అతనితో నీ కొంగు నామీద కప్పు అంటుంది. హెబ్రీలో రెక్కకూ కొంగుకూ ఒకే మాట: కనాఫ్. అతను దేవుడికి అప్పజెప్పిన పనిని ఆమె అతని చేతికే ఇస్తోంది. తెలుగులో చదువుకుంటే ఇది కనిపించదు, కాబట్టి చెప్పేవాళ్లు రెండు చోట్లా ఒకే చేతి కదలికతో, కప్పుతున్నట్టుగా, చూపిస్తే చాలు. వివరణ తర్వాత.

యోనా 1లో ఇంకా చిక్కు. హెబ్రీలో యోనా యొప్పేకు దిగాడు, ఓడలోకి దిగాడు, ఓడ అడుగుకు దిగాడు. 2:6లో పర్వతాల పునాదుల దాకా దిగానని తనే అంటాడు. మనం మాత్రం ఓడ ఎక్కుతాం! చెప్పేటప్పుడు "ఓడలోకి దిగాడు" అనే అనండి. కొంచెం ఎబ్బెట్టుగా వినిపిస్తుంది, వినిపించనివ్వండి. ఎవరో ఒకరు అడుగుతారు.

కొలతలూ డబ్బూ కథ మధ్యలో వివరించకండి. ముందే ఒక నిమిషంలో, మూడు సంగతులు మించకుండా చెప్పేయాలి. మంచి సమరయుని కథకైతే: యెరూషలేము నుంచి యెరికోకు సుమారు 27 కిలోమీటర్లు, ఆ దారిలో సుమారు వెయ్యి మీటర్లు కిందికి దిగాలి, ఒక దేనారం అంటే ఒక కూలివాడి రోజు కూలి. అంతే. సమరయులకూ యూదులకూ ఉన్న వైరం చరిత్ర మొత్తం ముందే విప్పితే కథలో సమరయుడు వచ్చినప్పుడు ఎవరూ ఉలిక్కిపడరు.

కూడిక: గంటంబావు

6 నుంచి 12 మంది ఉంటే మంచిది. 12 దాటితే రెండు గుంపులు చేయండి. వరసలుగా కాకుండా గుండ్రంగా, చెప్పేవాళ్లూ అదే ఎత్తున కూర్చోవాలి. పోయిన వారం కథ గుర్తుచేసుకోవడానికి 5 నిమిషాలు, నేపథ్యానికి 2, కథకు 5, తిరిగి చెప్పడానికి 15, తెరిచి సరిచూడ్డానికి 15, ప్రశ్నలకు 25, ప్రార్థనకు 8. సమయం చాలకపోతే చాలామంది సరిచూడటాన్ని కోసేస్తారు. కోయాల్సింది ప్రశ్నల్లోంచి.

కథ చెబుతున్నంతసేపూ మీ బైబిలు తెరిచి ఒడిలో పెట్టుకోండి, చదవకండి. వివరణకు వచ్చినప్పుడు మూసి పక్కన పెట్టండి. ఏది వాక్యమో ఏది మీ మాటో చెప్పకుండానే తెలుస్తుంది. వినేవాళ్ల బైబిళ్లు, ఫోన్లు మాత్రం మూసి ఉండాలి. కొందరు వేలు పెట్టి వెంట చదవాలని చూస్తారు. నవ్వుతూ ఆపండి.

తిరిగి చెప్పించేటప్పుడు బాగా మాట్లాడేవాళ్లను మొదట పిలవకండి. వాళ్ల తర్వాత ఇంకెవరూ నోరు తెరవరు. గొలుసుగా చెప్పించడం తేలిక: ఒకరు ఒక దృశ్యం చెప్పి ఆపుతారు, పక్కవాళ్లు అందుకుంటారు. ఎవరు తప్పు చెప్పినా మధ్యలో సరిదిద్దకూడదు. ఇది కష్టమైన నియమం, ముఖ్యంగా పెద్దలకూ పాస్టరు గారికీ. తప్పు బయటికి వచ్చి నిలబడితేనే తర్వాత దాన్ని పుస్తకంతో కొలవగలం.

ఇప్పుడు బైబిళ్లు తెరవండి. చదవడం వచ్చినవాళ్లు ముగ్గురు నలుగురికి ఒకరు చొప్పున ఉంటే చాలు. చదువురానివాళ్లు ఇక్కడ వెనకబడరు. చెవితో నిలుపుకునే అలవాటు వాళ్లకే ఎక్కువ, "నేను విన్నదాంట్లో ఇది లేదు" అని మొదట పట్టుకునేది చాలాసార్లు వాళ్లే. మూడు విషయాలు వెతకాలి: ఏం కలిపాం, ఏం వదిలేశాం, ఏది ముందువెనకలు చేశాం.

యాయీరు కథలో ఇది ఎలా నడుస్తుందో చూడండి. గుంపు వదిలేసేవి సాధారణంగా ఇవి: దారిలో యేసు వస్త్రం ముట్టుకున్న స్త్రీ జబ్బు 12 ఏళ్లది, ఆ పిల్ల వయసూ 12 ఏళ్లే. వైద్యుల చేతుల్లో ఉన్నదంతా ఖర్చయి రోగం ఇంకా ముదిరింది. చివర్లో పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమని యేసు అన్నాడు. వీటిని తిరిగి కథలో పెట్టాక 34, 35 వచనాలు కలిపి ఎవరిచేతనైనా మెల్లగా చదివించండి. యేసు ఆ స్త్రీని "కుమారీ" అని పిలుస్తాడు. ఆయన ఇంకా మాట్లాడుతుండగానే యాయీరు ఇంటి నుంచి మనుషులొచ్చి "నీ కుమార్తె చనిపోయినది" అంటారు. ఒక కూతురు బతికిందన్న మాటా ఒక కూతురు పోయిందన్న మాటా యాయీరు చెవిలో ఒకేసారి పడ్డాయి. ఆ క్షణంలో అతను ఏమన్నాడు? వెతకమనండి. ఏమీ అనలేదు.

కలిపినవాటి జాబితా కూడా త్వరలోనే పెరుగుతుంది. ఏదెనులో పండు పేరు రాయలేదు. జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు, వాళ్లు వచ్చింది ఇంటికి. యోనా గ్రంథంలో అతన్ని మింగింది ఒక గొప్ప మత్స్యం, తిమింగలమని అక్కడ లేదు. దమస్కు దారిలో పౌలు గుర్రం మీద ఉన్నాడని అపొస్తలుల కార్యములు 9 అనదు. లూకా 2లో సత్రంలో స్థలం లేదంటారు, తలుపు దగ్గర కాదన్న మనిషి మాత్రం లేడు. ఇవి నవ్వుకుని వదిలేసేవే. మగ్దలేనే మరియ సంగతి అలాంటిది కాదు. లూకా 7లో పాపాత్మురాలైన స్త్రీకి పేరు లేదు. మరియ 8:2లో వస్తుంది, ఏడు దయ్యాలు వదిలిన స్త్రీగా. ఇద్దరినీ కలిపేసి ఆమెను తరతరాలు వేశ్యగా చెప్పుకున్నారు. కల్పన ఒక మనిషి పరువు తీసిందని గుంపుకు అర్థమైతే ఆ తర్వాత కలిపి చెప్పే మాటల పట్ల జాగ్రత్త వాళ్లకే వస్తుంది.

ప్రశ్నల దగ్గర "ఈ కథ మనకు ఏమి నేర్పుతుంది?" అని మొదలుపెట్టకండి. జవాబులు సండేస్కూలు నుంచి తయారుగా వచ్చేస్తాయి: ప్రార్థించాలి, విశ్వసించాలి. వాటిలో తప్పులేదు, కాకపోతే అవి చెప్పడానికి కథ చదవనక్కర్లేదు. ఎక్కడ తిరగబడింది? ఏ మాట రెండుసార్లు వచ్చింది? ఎవరు నోరు విప్పలేదు? చివరి ప్రశ్న ప్రతి కథకూ పనికొస్తుంది. 2 సమూయేలు 11లో దావీదు రాజు చాలా మాట్లాడతాడు, మనుషుల్ని పంపుతాడు, మళ్లీ పంపుతాడు. బత్షెబది ఒకే ఒక్క మాట: గర్భవతినయ్యాను. రూతు 4వ అధ్యాయంలో రూతు అసలు మాట్లాడదు. ఆ తర్వాత దేవుడు ఈ కథలో ఏం చేశాడు, ఏం చేయలేదు అని అడగండి. "నా సంగతేమిటి" అన్నది చివరి ఐదు నిమిషాల్లో.

ఒక పెద్ద కాగితం మీద మూడు నిలువు వరుసలు గీసి ఉంచితే చర్చ దారి తప్పదు: రాసి ఉంది, అనుకోవచ్చు, రాయలేదు. ఎవరు ఏమన్నా "ఏ వచనం?" అని అడిగి తగిన వరుసలో వేయాలి. ఆదికాండం 22కి: "ఇద్దరూ కలిసి వెళ్లారు" రెండుసార్లు (6, 8), మొదటి వరుస. ఇస్సాకు భయపడ్డాడు, రెండోది. ఇస్సాకు వయసు, మూడోది. 19వ వచనంలో అబ్రాహాము పనివాళ్ల దగ్గరికి తిరిగొచ్చాడు, ఇస్సాకు పేరు అక్కడ లేదు. దాన్ని ఏ వరుసలో వేయాలో గుంపు తేల్చుకోనివ్వండి.

ఎక్కడ చెడుతుంది

అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేది నటన. గొంతు వణికించడం, కన్నీళ్లు పెట్టుకోవడం. ఆదికాండం 22 అబ్రాహాము మనసులో ఏముందో ఒక్క మాట చెప్పదు. మూడు రోజుల ప్రయాణం ఒక్క ముక్కలో దాటేస్తుంది, కట్టెలు, నిప్పు, కత్తి మాత్రం పేరుపేరునా చెబుతుంది. ఆ మౌనాన్ని మీ ఏడుపుతో నింపితే వినేవాళ్లు చేయాల్సిన పని మీరే చేసేసినట్టు. మామూలు గొంతుతో, కాస్త నెమ్మదిగా, కట్టెల దగ్గర తొందరపడకుండా చెప్పండి.

రెండోది ప్రతి కథనూ వీరుడి కథ చేయడం. "దావీదులా ధైర్యంగా ఉండండి" అంటే 2 సమూయేలు 11 వచ్చేసరికి ఏమంటారు? నాతాను ప్రవక్త చేసింది గమనించండి. రాజుకు ఉపదేశం చెయ్యలేదు, గొర్రెపిల్ల కథ చెప్పాడు. రాజే కోపంతో తీర్పు చెప్పాకే "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. అన్వయం ముందే పెట్టి ఉంటే దావీదు తలుపు మూసుకునేవాడు.

ప్రతి వస్తువుకూ గుప్తార్థం వెతికేవాళ్లు గుంపులో ఒకరైనా ఉంటారు. మంచి సమరయుని కథలో రెండు దేనారాలంటే ఏమిటి, గాడిద అంటే ఎవరు. మూడు వరుసల కాగితమే దీనికి మందు: "ఏ వచనం?" సిద్ధాంత వాదన లేస్తే ఇంకో కాగితం మీద రాసి కూడిక అయ్యాక మాట్లాడదామనండి, నిజంగా మాట్లాడండి. అలా రాసిపెట్టి మరిచిపోతే రెండోసారి ఎవరూ నమ్మరు.

కథ కాని భాగాలు

పత్రికలు, కీర్తనలు, ధర్మశాస్త్రం ఈ పద్ధతికి లొంగవని అనుకుంటారు. కొన్ని లొంగుతాయి. ఫిలేమోను 25 వచనాల ఉత్తరం, దాని వెనక ఫిలేమోను దాసుడు ఒనేసిము కథ ఉంది. వచనాల్లో దొరికినంతే చెప్పి, ఉత్తరం పైకి చదివి, ఫిలేమోను దాన్ని చేతిలో పట్టుకుని ఒనేసిమును ఎదురుగా చూస్తున్న దృశ్యం దగ్గర ఆపండి. అతను ఏం చేశాడో ఉత్తరంలో లేదు. 51వ కీర్తన పైనున్న శీర్షికే దాన్ని నాతాను రాకతో ముడిపెడుతుంది, కాబట్టి 2 సమూయేలు 12 చెప్పిన వెంటనే చదవవచ్చు. లేవీయకాండం 25:23లో భూమిని శాశ్వతంగా అమ్మకూడదన్న మాట, నాబోతు రాజుకు తోట ఎందుకివ్వనన్నాడో విన్నాక చదివితే ప్రాణం పోసుకుంటుంది. లేని కథను కీర్తనకు అంటగట్టకండి. చాలా కీర్తనలకు కథ లేదు, వాటిని పైకి చదవడమే తగినది.

యిర్మీయా 36ను ఎప్పుడో ఒకప్పుడు తప్పక చెప్పండి. బారూకు రాసిన గ్రంథాన్ని చదివి వినిపిస్తుంటే యెహోయాకీము రాజు మూడు నాలుగు పుటలు కాగానే చాకుతో కోసి కుంపటిలో వేస్తాడు, మొత్తం కాలేదాకా. తర్వాత అదంతా మళ్లీ రాయించారు, ఇంకా కొన్ని మాటలు కలిపి. లేఖనం ఎలా మన దాకా వచ్చిందని అడిగేవాళ్లకు ఇంతకంటే మంచి మొదలు దొరకదు.

వరస, అప్పగింత

మొదటి ఏడు వారాలకు: యోనా నాలుగు అధ్యాయాలు నాలుగు వారాలు, ఆ వెంటనే మార్కు 4:35 నుంచి 5:43 వరకు మూడు కథలు మూడు వారాలు. ఐదో వారం తుఫాను కథ చెప్పగానే గుంపులో కదలిక వస్తుంది. రెండు ఓడలు, రెండు తుఫానులు, రెండిట్లోనూ ఒకరు నిద్రపోతుంటే మిగతావాళ్లు లేపుతారు, సముద్రం ఆగాక ఇంకా ఎక్కువ భయపడతారు. మీరు ఈ పోలిక చెప్పకండి. వాళ్లు చెప్పేదాకా ఉండండి. రెండు వారాలు పట్టినా సరే.

ఎనిమిదో వారం నుంచి చెప్పే పని ఇంకొకరికివ్వండి. మొదటిసారి చెప్పేవాళ్లకు గుంపు ఇదివరకు విన్న మార్కు 4:35-41నే మళ్లీ ఇవ్వండి: ఏడు వచనాలు, కంఠస్థం చేయాల్సిన మాటలు ఐదారు. వాళ్ల రికార్డింగు మీరు ముందే ఒకసారి విని కూడికలూ తీసివేతలూ గుర్తుపెట్టి ఇవ్వండి. గొంతు గురించీ, చేతుల కదలిక గురించీ, "అంటే" అని ఎన్నిసార్లు అన్నారన్నదాని గురించీ ఏమీ అనకండి. వాళ్లు చెబుతున్నప్పుడు మీరు గుండ్రంలో అందరితో పాటు బైబిలు మూసి కూర్చోండి. గొలుసులో మీ వంతు వస్తే మీకు గుర్తున్నంతే చెప్పండి. మీరు తప్పు చెప్పినచోట ఎవరో ఒకరు పుస్తకం తెరిచి పట్టుకుంటారు.